బంటి బిస్కెట్లు ప్రసాదమైన వైనం

గుండ్లపోచంపల్లి గోదాముల వెనక వెలసిన పర్ణశాల ఎన్‌క్లేవ్ వాసులకు తెలియజేయునది ఏమనగా, ఈ కార్తీక మాసమంతా మన శివాలయంలో ఢమరుక ప్రసాదం పంచబడును. భక్తులు వరుసలో రావలెను. కుక్కలకు ప్రవేశం లేదు. ఇట్లు, కాలనీ సంక్షేమ సంఘం.

ఈ ప్రకటన చదివి కాలనీ అంతా పులకించిపోగా, లలితకుమారి గారు ఒక్కరే కళ్లు తుడుచుకున్నారు. ఆ ప్రసాదం ఆవిడ తన కుక్క కోసం చేసిన బిస్కెట్టు మరి.

బంటి ముసలి లాబ్రడార్. కిడ్నీలు అలిసిపోయాయి. మేడ్చల్‌లో పశువుల డాక్టరు చూసి, ఉప్పు వద్దు, తీపి వద్దు, నూనె వద్దు, ఉల్లి వెల్లుల్లి అసలే వద్దు, మందులు కొట్టని గుమ్మడికాయ, చిలగడదుంప పెట్టండి అన్నాడు. బజారు గుమ్మడికాయ పెడితే బంటి వాంతి చేసుకున్నాడు. దాంతో లలితకుమారి గారు డాబా మీద నీలం డ్రమ్ములు కోసి, మట్టి నింపి, గుమ్మడి పాదు పెట్టారు. గోనెసంచుల్లో చిలగడదుంప తీగలు నాటారు. కాపు వచ్చాక ఉడకబెట్టి, మెదిపి, రాగిపిండితో కలిపి, ఎముక ఆకారం అచ్చుతో కోసి, ఓవెన్‌లో కరకరలాడేదాకా కాల్చారు. కొన్నాళ్లుగా పళ్లెం వైపు చూడని బంటి ఆ వాసనకు లేచి, తోక ఊపుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడే పెట్టేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆవిడది భీమవరం. తొలి కాపు దేవుడికి చూపించకుండా ఇంట్లో ఎవరూ నోట పెట్టకూడదు. బంటి ఇంట్లో మనిషే కదా. అందుకని పళ్లెం పట్టుకుని గుడికి వెళ్లారు. ఆ రోజు కార్తీక సోమవారం.

గుడిలో పళ్లెం కనబడితే చెయ్యి చాచడం మన రక్తంలో ఉంది. ఆవిడ దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి ఇరవై చేతులు. అందరికంటే ముందున్నది సంఘం ప్రెసిడెంటు వెంకటరామయ్య గారిది. ఆయన బ్యాంకులో రిటైరయ్యారు, మోకాళ్లు మాత్రం అంతకు ముందే రిటైరయ్యాయి. ఇవి కుక్కకండీ అని చెబుదామని ఆవిడ నోరు తెరిచారు. ఆయన అప్పటికే కళ్లకద్దుకుని నమిలేస్తున్నారు.

ప్రసాదం రుచి గురించి నోరెత్తడం మన సంస్కృతిలో లేదు. పైగా ఆలోచించి చూస్తే అందులో లోపమెక్కడుంది? ఉప్పు లేదు, నూనె లేదు, ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. ముసలి కుక్కకు డాక్టరు చెప్పిన పథ్యమూ, కార్తీకంలో మనిషికి పెద్దలు చెప్పిన నియమమూ అచ్చంగా ఒక్కటే అయి కూర్చున్నాయి. ఇక ఆ ఆకారమంటారా, రెండు వైపులా లావుగా, నడుమ సన్నంగా ఉంది. శివాలయంలో నిలబడి చూసినవాడికి అది ఎముకలా కనిపిస్తుందా?

"ఢమరుకమండీ!" అన్నారు వెంకటరామయ్య గారు, గద్గద స్వరంతో. "సాక్షాత్తూ స్వామివారి ఢమరుకం!"

మర్నాటికి ఆయన మోకాళ్ల నొప్పి తగ్గింది. తగ్గిందని ఆయనే చెప్పారు కాబట్టి అనుమానించనవసరం లేదు. వారం తిరిగేలోగా కౌకూర్ నుంచి, గాజులరామారం నుంచి కార్లు వచ్చాయి. మనోరమ గారి అధ్యక్షతన మహిళా కమిటీ ఏర్పడి లలితకుమారి గారి డాబాను సేవలోకి తీసుకుంది. సేవ అంటే మీకు తెలియనిదేముంది, పిండి కలిపేది ఆవిడ, పర్యవేక్షించేది కమిటీ. బంటికి ఒక్కటి తీసి పక్కన పెట్టబోతే, "ప్రసాదంలోంచి కుక్కకా? అపచారం!" అని మనోరమ గారు చెవులు మూసుకున్నారు.

కాలనీ ఊడ్చే సాలమ్మ మాత్రం ఒకటి కొరికి, "గిదేం ప్రసాదమమ్మా? ఉప్పు లేదు, బెల్లం లేదు. మస్తు సప్పగున్నది," అంది. ఆమెకు భక్తి చాలదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

లలితకుమారి గారి భర్త హేమచంద్ శాంతికాముకుడు. "ప్రెసిడెంటుతో మనకెందుకు? మాసం అయ్యాక మళ్లీ చేసుకోవచ్చులే," అన్నాడు. పాదులో కాపు మాసం చివరిదాకా ఆగేలా లేదు. బంటీ ఆగేలా లేడు, డొక్కలు ఎండిపోయి పక్కటెముకలు బయటపడ్డాయి.

ఆఖరి సోమవారం నాడు, ఆఖరి గుమ్మడికాయతో చేసిన ఆఖరి పళ్లెం గుడికి చేరింది. లలితకుమారి గారు సరాసరి వెళ్లి మైకు అందుకున్నారు.

"అందరూ క్షమించాలి. ఇవి కుక్క బిస్కెట్లు. మా బంటి కోసం చేశాను. అది ఢమరుకం కాదు, ఎముక. వాడు తిండి లేక చచ్చిపోయేలా ఉన్నాడు. ఈ ఒక్క పళ్లెం వాడికి వదిలెయ్యండి."

నెల రోజులుగా తిన్నది ఏమిటో అందరికీ ఒకేసారి అర్థమైంది. వెంకటరామయ్య గారి ముఖం పాలిపోయింది. కానీ ఆయన ఊరికే ప్రెసిడెంటు కాలేదు.

"విన్నారా భక్తులారా! భైరవ స్వామి శునక రూపంలో వచ్చి, ఈ తల్లి చేత అడిగి చేయించుకున్నాడు. స్వామి నోటి దగ్గరి ప్రసాదమిది! తెలియక ఇన్నాళ్లూ రెండేసి తిన్నాం. ఎంత అజ్ఞానం! ఇవాళ నాలుగేసి!"

చప్పట్లు మోగాయి.

"మరి బంటికండీ?" అన్నారావిడ.

"కుక్కకు ప్రసాదమేమిటమ్మా," అని ఆయన జాలిపడ్డారు.

అప్పటికే బంటి ఆవిడ వాసన పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ గుడి గేటు దాకా వచ్చాడు. వాచ్‌మన్ పర్వతాలు కర్ర అడ్డం పెట్టి, "నేనేం జేస్తనమ్మా, కుక్కల రానియ్యొద్దని సారు జెప్పిండు. గీ బంటిగాడు గూడ కుక్కనే గద," అని బతిమాలుకున్నాడు. వరుస గేటు దాటి రోడ్డు మీదికి పాకింది. ఆ తోపులాటలో ఎవరి చేతిలోంచో ఒక ముక్క జారి, సరిగ్గా బంటి ముట్టె ముందు పడింది. బంటి మెడ వంచాడు.

మనోరమ గారు వంగింది అంతకంటే వేగంగా. ముక్కకంటిన మట్టి ఊది, కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నారు. భైరవుడి ఊపిరి తగిలిన ముక్క దక్కిందని చుట్టూ ఉన్నవాళ్లు ఆవిడకు దణ్ణాలు పెట్టారు. అడ్డం వచ్చిన భైరవుణ్ణి మాత్రం ఛీ పొమ్మన్నారు. బంటి ఆ ముక్క పడ్డ చోటు కాసేపు నాకి, లలితకుమారి గారు వచ్చి ఎత్తుకునేదాకా అక్కడే పడుకున్నాడు.

మీరు నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ వరుసలో మిమ్మల్ని నేను చూశాను. నాలుగు తిన్నాక మళ్లీ వెళ్లి వెనక నిలబడ్డారు.