ఉప్పుగనిలో వడదెబ్బ

"చలికి ఆ రబ్బరు తెగుతుంది. తెగి నీ కంట్లో కొడుతుంది. ముందే చెప్తున్నా," అంది స్మరాండ, ఉప్పుగని లిఫ్టు ఇంకా కదలకముందే.

"అమ్మా, నువ్వు నోరు తెరవకు. అదే తెగదు," అంది కూతురు ఇలింక.

చలిని జయించడానికి మానవజాతి మొదట నిప్పును కనిపెట్టింది, తర్వాత ఉన్నిని కనిపెట్టింది, చివరికి ధ్రువపత్రాన్ని కనిపెట్టి ఆ పని పూర్తిచేసింది.

గని అడుగున, గాలి కదలని చల్లటి పెద్ద హాల్లో, ఈగకన్నా కాస్త బరువుండే బొమ్మ విమానాలు పోటీకి ఎగరేస్తారు. వాటికి ఇంజనుండదు. మెలిపెట్టిన రబ్బరు పోగే విప్పుకుంటూ ముందున్న పంకాను తిప్పుతుంది. పోగు వెచ్చగా ఉంటే బోలెడన్ని మెలికలు పడుతుంది, చల్లబడితే మొండికేస్తుంది. ఈ పోటీలో ఇలింకకి మిగిలింది ఒక్క అవకాశం. బాగా ఎగిరితే రొమేనియా జట్టులో చోటు. లేకపోతే మళ్ళీ రెండేళ్ళు ఆగాలి.

కింద ఉన్న థర్మామీటరుకి తేమ పట్టిందని ధ్రువపత్రం ఇవ్వలేదు. పత్రమున్న థర్మామీటరు పైన ఆఫీసు కిటికీలో, పూలకుండీ పక్కన, జూలై ఎండలో ఉంది. కనుక హాలు అధికారిక ఉష్ణోగ్రత ముప్పై రెండు డిగ్రీలు. అంత వేడిలో రబ్బరును ఇంకా వెచ్చబెట్టడం మోసం. కోటు వేసుకున్నవాళ్ళు కారణం రాసివ్వాలి. (స్మరాండ "భయం" అని రాసింది. ఎన్నాళ్ళనుంచి, అని అడిగారు.) ఒకాయన గజగజ వణుకుతుంటే డాక్టరు వచ్చి చూసి, వడదెబ్బ అని తేల్చి, నెత్తిన తడిగుడ్డ వేశాడు.

స్మరాండ జన్మంతా చలిగాలికి భయపడి బతికిన మనిషి. బస్సులో ఎవరైనా ఎదురెదురు కిటికీలు తెరిస్తే, చెవులూ కిడ్నీలూ పోతాయని మధ్యలోనే దిగిపోయేది. అలాంటావిడ రబ్బరు పోగుల్ని చలికి వదులుతుందా? పొద్దున్నుంచీ ఉన్ని చొక్కా లోపల, గుండెకి ఆనించి దాచుకుంది.

న్యాయనిర్ణేత పొంపిల్యు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అమ్మా, లోపలేముంది?"

"గుండెదడ, నాయనా."

"దాని పక్కన?"

ఆమెకి అబద్ధమాడ్డం రాదు. బయటికి తీసింది. పోగులు ముప్పై రెండుకి దిగాలంటూ ఆయన వాటిని ఉప్పుబండ మీద పరిచాడు. (ఆ బండ మీద కూర్చున్నవాళ్ళెవరూ రెండు నిమిషాలకి మించి కూర్చోలేరు.) దిగాయని తృప్తి కలిగాక ఇలింక చేతికిచ్చాడు.

"ఇది చచ్చిన వానపాములా ఉందండీ," అంది ఇలింక.

"టైము నడుస్తోందమ్మాయ్."

ఆమె ఎప్పటిలాగే మెలిపెట్టింది. టప్‌మంది. కంట్లో కొట్టలేదు, అరచేతిలో కొట్టింది. (స్మరాండ భయాల్లో ఆ ఒక్కటే గురి తప్పింది.) ఇంకో పోగు బిగించేలోపు గంట కొట్టేశారు. పొంపిల్యు కారణం రాసుకున్నాడు: "అధిక వేడికి మెత్తబడి తెగింది."

ఇలింక ఎగరని విమానాన్ని పెట్టెలో సర్దుకుంది.

స్మరాండ చూస్తూ నిలబడింది. పొంపిల్యు పెదాలు నీలం తిరిగాయి. ముక్కు కొసన చుక్క వేలాడుతోంది. ఆమె తన శాలువా తీసి ఆయన మెడకి చుట్టింది. "నిజం చెప్పు నాయనా. ఇక్కడ చలిగా లేదూ?"

ఆయన ఉప్పుగోడను చూశాడు, లిఫ్టును చూశాడు. చివరికి శాలువాను చెవులమీదికి లాక్కుని అన్నాడు:

"చలిగా ఉన్నట్టు పైనుంచి ఇంకా సమాచారం రాలేదమ్మా."