నోరు తిరగని మెషీను

లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో రిసెప్షనిస్టు ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న సంగతి. ఆఫీసు తెరవకముందే పన్ను పీకించుకుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా సాయంత్రం దాకా నెట్టుకురావాలి. కానీ పన్ను పీకేముందు ఇచ్చిన మత్తింకా దిగలేదు. సగం మొహం తనది కానట్టే ఉంది. ఫోను మోగగానే, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ, ఎత్తుపల్లాలు లేకుండా పలికింది: "నమస్కారం. మీకు. ఎవరు. కావాలి?"

అవతలున్నది కంపెనీలో వాటా కొనబోతున్న పెద్దమనిషి. ఆ గొంతు మెషీనుదనుకుని ముచ్చటపడిపోయాడు.

"ఓహో! మెషీను పెట్టేశారా?"

పక్కనే కొత్త కాఫీ మెషీను గుర్రుమంటోంది. ఆ చప్పుడు ఆయనకు వినిపించిందనుకుంది. "పెట్టారండి. నిన్ననే."

"మరి ఇదివరకున్న మనిషో?"

కాఫీ కలిపే ముసలాయన గుర్తొచ్చాడు. "తీసేశారండి."

పది నిమిషాల్లో యజమాని గదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. "మన దగ్గర మాట్లాడే మెషీనుందట! వాటా కొనే ఆయన కంపెనీకి రెట్టింపు విలువ కడతానంటున్నాడు. ఎక్కడుందమ్మా అది?"

ఆమె అయోమయంగా కాఫీ మెషీను చూపించింది. ఆయన దాని ముందు వంగి "హలో" అన్నాడు. అది పాలు కక్కింది.

ఆయన విన్న మెషీను ఈమె గొంతేనని తేలేసరికి మధ్యాహ్నమైంది. మూడింటికి పెద్దమనిషి స్వయంగా వస్తున్నాడు. యజమాని ఆమెను ఇంకో ఫోనుతో పక్కనున్న స్టోరురూములో కూర్చోబెట్టాడు. "ఇవాల్టికి నువ్వే మెషీనువి తల్లీ. పరువు కాపాడు."

వెనకే మేనేజరు వచ్చి ఓ కాగితం చేతిలో పెట్టాడు. మెషీను వచ్చింది కనుక రిసెప్షనిస్టు ఉద్యోగం రద్దు.

"మెషీను నేనే కదండీ?"

"అందుకేనమ్మా. ఒక్క పనికి ఇద్దరెందుకు?"

ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఇంట్లో సంపాదించేది తనొక్కతే అన్నది మాత్రం బాగా అర్థమైంది.

మూడింటికి పెద్దమనిషి రిసెప్షనులో ఫోనెత్తాడు. అప్పటికి మత్తు పూర్తిగా దిగిపోయింది. "లిఫ్టు మధ్యలో ఆగితే ఏం చేస్తావు?" అని ఆయన అడగడం, దవడ జివ్వుమనడం ఒక్కసారే జరిగాయి.

"అమ్మా! చచ్చాను!"

కేక ఫోనులోంచే కాదు, గోడ అవతల్నుంచీ వినబడింది. పెద్దమనిషి స్టోరురూము తలుపు తోశాడు. అట్టపెట్టెల మధ్య బుగ్గ పట్టుకుని ఏడుస్తోంది మెషీను.

"నన్ను తీసేసి, నా బదులు నన్నే పెట్టారండి!"

యజమాని గోడకేసి చూశాడు. పెద్దమనిషి నెమ్మదిగా ఓ పెట్టె మీద కూలబడ్డాడు. "మా కంపెనీలో ముప్ఫైమందిని తీసేసి నిజం మెషీనే పెట్టానమ్మా. ఫిర్యాదు చేసినవాళ్లందరికీ పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతోంది. పొద్దున నేనడిగినదానికి నువ్వు సూటిగా జవాబు చెబుతుంటే ప్రాణం లేచొచ్చింది. రేపట్నుంచి మా దగ్గరికి వస్తావా?"

ఆయన వాటా కొనలేదు. ఆ రోజు ఆ కంపెనీ మొత్తంలో విలువ పెరిగింది ఉద్యోగం పోయిన మనిషికొక్కదానికే.