పై అంతస్తుకు పోయిన సామాను

ఇల్లు శుభ్రంగా ఉంచుకోవడమంటే ఇంట్లోని చెత్తను ఇంకొకరింట్లో ఉంచడమేనని ఆ అపార్ట్‌మెంటు వాసులు ఏనాడో ఏకగ్రీవంగా తీర్మానించారు. ఎవరింటికి అతిథులొస్తే వాళ్ళ అడ్డమైన సామానూ పై అంతస్తుకు పోవాలి. చిట్టచివరి అంతస్తువాళ్ళది కిందికి దిగాలి. అతిథి గడప దాటి వెళ్ళేదాకా ఏ వస్తువూ వెనక్కి రాకూడదు. ఈ నిబంధనల అమలుకు రిటైరైన హెడ్మాస్టారొకాయన తనను తానే అధికారిగా నియమించుకున్నారు. (ఎవరూ కాదనలేదు. కాదంటే మళ్ళీ మీటింగు పెడతారు.)

రెండో అంతస్తు రచయిత ఒక వారపత్రికలో ఇల్లు సర్దుకునే చిట్కాల శీర్షిక నడుపుతున్నాడు. చీపురు పట్టే పద్ధతి మీద ఆయన రాసిన వ్యాసానికి పాఠకుల నుంచి మంచి పేరొచ్చింది. (చీపురు ఆయనెప్పుడూ పట్టలేదు. పట్టి ఉంటే అంత ధైర్యంగా రాసేవాణ్ణి కాదని ఆయనకే తెలుసు.) అలాంటివాడికి ఎడిటరుగారి నుంచి కబురొచ్చింది. ఆదివారం ఫొటోగ్రాఫరుతో వస్తారట. ఇల్లు బాగుంటే శీర్షికకు పూర్తి పేజీ ఇస్తారట. లేకపోతే ఆ చోటు గళ్ళనుడికట్టుకి పోతుందట.

"అయిపోయాన్రా దేవుడా! ఈ కొంప చూస్తే నా శీర్షిక ఉంటుందా?" అన్నాడు రచయిత.

"ముందు ఆ సోఫా మీంచి లేవండి," అంది భార్య.

ఆదివారం పొద్దున్నే తరలింపు మొదలైంది. తిరగని ఫ్యాను, మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, బట్టలారేసుకునే వ్యాయామ సైకిలు, అన్నీ పై అంతస్తు పళ్ళడాక్టరు ఇంటికి చేరాయి.

"ఈ మూటలో ఏముందండీ?" అన్నాడు డాక్టరు.

"తెలీదండీ. మూట కట్టేశాం కాబట్టి సర్దేసినట్టే," అన్నాడు రచయిత.

ఇల్లు అద్దంలా మెరిసింది. తన ఇంటి గోడలు లేత నీలమని రచయితకు ఆ రోజే తెలిసింది. తీరా చూస్తే ఫొటోకి వేసుకోవలసిన ఇస్త్రీ చొక్కా కూడా మూటల్లో పైకి పోయింది. బనీనూ నిక్కరుతోనే పైకి పరుగెత్తి ఆయన మూటలు విప్పుతుండగా, ఎడిటరుగారు చెప్పిన టైముకన్నా ముందే దిగబడ్డారు. చొక్కా దొరకలేదు. మెట్లకు అడ్డంగా హెడ్మాస్టారు మాత్రం దొరికారు.

"తప్పుకోండి మాస్టారూ, మా ఎడిటరొచ్చాడు!"

"అందుకే తప్పుకోను. అతిథి లోపలుండగా సామాను కిందికి దిగకూడదు."

"నేను సామానేమిటండీ బాబూ, ఆ ఇంటి యజమానిని!"

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ఆయన్ను కిందినుంచి పైదాకా పరిశీలించారు. "అనుమానమొస్తే సామానుగానే పరిగణించాలి. పోయిన మీటింగులో ఈ సవరణ ప్రతిపాదించింది తమరే."

రచయితకు తల కొట్టేసినట్టయింది. ఆ తీర్పులో ఎంత వెతికినా తప్పు కనబడకపోవడం ఆయన్ను మరీ బాధపెట్టింది. మెట్టు మీద కూలబడి, తన ఇంట్లోంచి వస్తున్న మాటలు విన్నాడు.

"ఇంత చక్కగా ఎవరు సర్దారమ్మా?" అంటున్నారు ఎడిటరుగారు.

"ఇంకెవరండీ, నేనే."

"మరి ఆయన?"

"ఆయన రాస్తారండి."

ఎడిటరుగారు గదిని ఇంకోసారి కలియజూశారు. "ఆ రాసేదేదో ఇకమీదట మీరే రాయండమ్మా. పూర్తి పేజీ ఇస్తాం."

అతిథులు వెళ్ళిపోయాక హెడ్మాస్టారు మెట్ల మీంచి వంగి, "అమ్మా, మీ సామాను పంపించెయ్యమంటారా?" అని అడిగారు.

"ఫ్యానూ సైకిలూ పంపించండి మాస్టారూ. ఆయన్ని మాత్రం అక్కడే ఉండనివ్వండి. వచ్చే వారం మళ్ళీ ఫొటోలకు వస్తామన్నారు."