అరుగు మీద ఇనప బుడిపెలు

మన పిల్లలకి ఈ దేశం ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా మేలైనది ఇనప బుడిపె అని నా నమ్మకం.

నవ్వకండి. ముందు బుడిపె అంటే ఏమిటో చెబుతాను. ఆఫీసుల ముందు, బ్యాంకుల ముందు, లైబ్రరీల ముందు మోకాలి ఎత్తు సిమెంటు అరుగులు ఉంటాయి. వాటి అంచున అక్కడక్కడా వేలెడంత ఇనప ముక్కలు బిగించి ఉంటాయి. మీరు చూసే ఉంటారు. అదేదో డిజైను అనుకుని ఉంటారు. డిజైను కాదు. స్కేట్‌బోర్డు ఆ అంచు మీద జారకుండా చేసిన ఏర్పాటు. పిల్లవాడు బోర్డుతో ఎగిరి అంచు ఎక్కితే బుడిపె దగ్గర బోర్డు ఆగుతుంది. పిల్లవాడు ఆగడు.

అమెరికాలో, ఎడిసన్ ఊళ్లో, మా టౌన్‌హోమ్స్ క్లబ్‌హౌస్ ముందు అరుగుకి పోయిన నెల ఈ బుడిపెలు వచ్చాయి. కొందరు గొణుగుతున్నారు. వాళ్లకి నాస్టాల్జియా ఎలా తయారవుతుందో తెలియదు.

మీకు తెలుసా? ఒక పని జరుగుతూ ఉన్నంతకాలం దాన్ని తలుచుకుని కళ్లు తుడుచుకోవడం కుదరదు. ముందు ఆ పని ఆగాలి. ఆగకపోతే ఎవరో ఒకరు ఆపాలి. "ఆ రోజులే వేరు" అనుకోవడానికి ఈ రోజుల్ని కాస్త సరిచెయ్యాలి కదా! మా టౌన్‌హోమ్స్ అసోసియేషన్ ఆ బాధ్యత తీసుకుంది.

అసోసియేషన్ ప్రెసిడెంటు అవినాష్. ఈ ఊళ్లోనే పెరిగాడు. తొంభైల చివర్లో, హైస్కూల్లో ఉండగా స్కేటింగ్ చేశాడు. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోవు గాని మనసు ఒప్పుకుంటుంది. అప్పటి బోర్డుల్ని అద్దాల ఫ్రేముల్లో పెట్టించి బేస్‌మెంట్ గోడకి తగిలించాడు. వెళ్లినవాళ్లు చూడవచ్చు, ముట్టుకోకూడదు. చక్రాలు తిరక్కుండా జిగురు కూడా పెట్టించాడు. స్కేట్‌బోర్డుకి ఇంతకన్నా భద్రత ఏముంటుంది!

అప్పటి వీడియో క్యాసెట్లు అతని దగ్గర ఉన్నాయి. శుక్రవారం సాయంత్రాలు మమ్మల్ని పిలిచి చూపిస్తాడు. మేమంటే నలభై దాటిన మగవాళ్లం. మాలో అతను తప్ప ఎవరూ బోర్డు ఎక్కలేదు. ఆ ఏళ్లలో మేం అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేస్తున్నాం. అయినా ఆ క్యాసెట్లు చూస్తే మాకూ ఆ రోజులు గుర్తొస్తాయి. తనకి జరగనిది కూడా గుర్తు రావడం మొదలైతే మనిషి అమెరికాలో స్థిరపడ్డట్టే.

చూడనివాళ్ల కోసం చెబుతాను. బొమ్మ మసకగా ఉంటుంది. ఫిష్‌ఐ లెన్సుతో తీస్తారు గనక వీధి గిన్నెలా వంగి కనిపిస్తుంది. ఒక్కొక్కడి ప్యాంటులో ఇంకో మనిషికి చోటుంటుంది. కుర్రాడు మెట్ల మీంచి బోర్డుతో దూకుతాడు, పడతాడు. మళ్లీ దూకుతాడు, మళ్లీ పడతాడు. చివరికి ఒకసారి నిలబడతాడు. అప్పుడు సెక్యూరిటీ గార్డు వస్తాడు. పెళ్లి వీడియోలో అప్పగింతలు ఎలాగో, స్కేటింగ్ వీడియోలో గార్డు అలాగ. వచ్చి, అరిచి, లెన్సు మీద చెయ్యి పెడతాడు. మేం ఈలలు వేస్తాం.

"పిల్లల్ని ఆడుకోనివ్వడు చూడండి, వెధవ!" అంటాడు అవినాష్.

ఇలా ప్రశాంతంగా రోజులు గడుస్తుండగా ఇషా వల్ల ఇబ్బంది వచ్చింది.

ఇషాకి పదమూడేళ్లు. మా వరసలో చివరింట్లో ఉండే డాక్టర్ జ్ఞానప్రసూన గారి మనవరాలు. జ్ఞానప్రసూన గారు ఎముకల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇషా స్కూలు నుంచి రాగానే క్లబ్‌హౌస్ అరుగు మీద బోర్డు జారించడం మొదలుపెట్టింది. ఈ చివర ఎక్కి ఆ చివర దిగాలని ఆమె పట్టుదల. సగం దాకా వచ్చి పడేది. లేచి మోచేతులు దులుపుకుని మళ్లీ ఈ చివరికి నడిచేది. టీమ్ లేదు. కోచ్ లేడు. ట్రోఫీ లేదు. కాలేజీ అప్లికేషన్లో రాసుకోవడానికి పనికిరాదు. మన పిల్ల ఇలాంటి పని చేస్తుంటే ఎవరికి ఆందోళన కలగదు?

పైగా చప్పుడు! క్యాసెట్లో చప్పుడైతే రిమోట్‌తో తగ్గించుకోవచ్చు. పిల్లలకి ఆ సౌకర్యం లేదు.

అసోసియేషన్ మీటింగ్ పెట్టింది. ఎజెండాలో మొదటి అంశం బుడిపెలు. ఇషా లేచి నిలబడింది.

"అవినాష్ అంకుల్, మీరు హైస్కూల్‌లో ఎక్కడ స్కేట్ చేసేవాళ్లు?"

అవినాష్ ముఖం వెలిగింది. "ఎక్కడని చెప్పనమ్మా! పోస్టాఫీస్ స్టెప్స్, బ్యాంక్ ముందు లెడ్జ్, లైబ్రరీ ర్యాంప్. గార్డు చేజ్ చేసేవాడు. పార్కింగ్ లాట్ అంతా తిప్పించేవాళ్లం."

"వాళ్లు పర్మిషన్ ఇచ్చారా?"

"పర్మిషనా! పర్మిషన్ ఉంటే ఇంక మజా ఏముంది?"

"ఓకే. సో, నేను ఇక్కడ చేస్తే?"

"అది లయబిలిటీ."

ఇక్కడి సూక్ష్మం గమనించారా? నలభై అయిదేళ్ల మనిషి జ్ఞాపకంలో జరిగితే అది సంస్కృతి. పదమూడేళ్ల పిల్ల చేస్తే ఇన్సూరెన్స్ క్లెయిము.

"పడి చెయ్యి విరిగితే ఎవరిది రెస్పాన్సిబిలిటీ?" అన్నాడు గౌరీశంకర్. అతను మా శుక్రవారం బృందంలో ముఖ్యుడు. మెట్ల మీంచి పడే ఘట్టాన్ని వెనక్కి తిప్పించి మరీ చూస్తాడు.

జ్ఞానప్రసూన గారు చెయ్యెత్తారు. "విరిగితే అతుక్కుంటుంది నాయనా. సర్వీసంతా నేను చేసింది అదే."

"ఆంటీ, ఇదంతా మీలాంటి పెద్దవాళ్ల కోసమే," అన్నాడు అవినాష్. "మీరు సాయంత్రం కూర్చునే చోటు కదా అది."

"ఇప్పుడూ కూర్చుంటున్నాను కదయ్యా. పిల్ల అటు జారుతుంది, నేను ఇటు కూర్చుంటాను. మా ఇద్దరికీ పేచీ లేదు."

"థాంక్యూ ఆంటీ. ఓటింగ్‌కి వెళ్దాం."

బుడిపెలు నెగ్గాయి. ఎజెండాలో రెండో అంశం నైంటీస్ స్కేట్ నైట్. క్లబ్‌హౌస్‌లో పాత వీడియోల ప్రదర్శన, అందరూ వదులు ప్యాంట్లతో రావాలి, వంటకాలు ఇంటికొకటి. అది కూడా నెగ్గింది. రెంటినీ ప్రతిపాదించింది అవినాషే. రెంటినీ బలపరిచింది గౌరీశంకరే. తొంభైల స్కేటింగ్ మీద వాళ్లకున్న భక్తికి ఇంకేం సాక్ష్యం కావాలి!

మనిషి వచ్చి డ్రిల్లు పెట్టి బుడిపెలు బిగించి వెళ్లాడు. ఒకసారి బిగిస్తే ఊడని రకం.

లాభాలు వెంటనే కనిపించాయి. సాయంత్రం జ్ఞానప్రసూన గారు వచ్చి అరుగు మీద కూర్చోబోయి లేచారు. "కూర్చోవడం కూడా స్కేటింగేనా అవినాష్?" అని అడిగారు. ఇప్పుడు నిలబడుతున్నారు. నిలబడటం గుండెకి మంచిది. స్కూలు బస్సు కోసం కాచుకునే తల్లులు అక్కడ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇప్పుడు కార్లలో కూర్చుని ఒకరికొకరు మెసేజీలు పెట్టుకుంటున్నారు. రచనా సామర్థ్యం పెరుగుతోంది. గ్రాసరీ సంచులు అరుగు మీద పెట్టి తాళాలు వెతుక్కునేవాళ్లు ఇప్పుడు సంచులు చేత్తో మోస్తూనే వెతుక్కుంటున్నారు. జిమ్ముకి వెళ్లే పని తప్పింది. రెండు బుడిపెల మధ్య ఒక ఉడత కూర్చుంటోంది. దానికి చోటు సరిగ్గా సరిపోయింది.

తర్వాత స్కేట్ నైట్ వచ్చింది. అవినాష్ ప్యాంటు నేల ఊడుస్తోంది. గౌరీశంకర్ ప్యాంటు అంచు అల్లం చట్నీలో ఒకసారి మునిగింది. ఎవరి దగ్గర క్లిప్ ఉంటే వాళ్లు ఇవ్వవచ్చని ముందే ప్రకటించారు గనక ప్రొజెక్టరు పక్కన పెన్‌డ్రైవులు పోగుపడ్డాయి. అవినాష్ ఒక్కొక్కటీ పెట్టి వ్యాఖ్యానం చెబుతున్నాడు.

ఒక క్లిప్ మొదలైంది. బొమ్మ మసక. ఫిష్‌ఐ లెన్సు. కనిపిస్తున్నది కాళ్లు, వదులు ప్యాంటు, బోర్డు. బోర్డు ఎగిరి ఒక అరుగు ఎక్కింది. జారింది. సగం దాటింది. బోర్డు ఆ చివరికంటా వెళ్లి నేల మీదికి దిగింది.

చప్పట్లు! అవినాష్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఇదీ స్కేటింగంటే! నైంటీ సెవెనో, నైంటీ ఎయిటో అయ్యుంటుంది. ఆ ఫ్లో చూడండి. ఆ గట్స్ ఇప్పటి పిల్లల్లో ఎక్కడున్నాయి?"

"అసలు బయటికి వస్తే కదా, గట్స్ సంగతి!" అన్నాడు గౌరీశంకర్.

తెర మీద ఒక జత బూట్లు వేగంగా దగ్గరికొచ్చాయి. గార్డు! మేం ఈలలు వేశాం. చెయ్యి లెన్సు మీదికి వచ్చింది. గొంతు వినపడింది.

"హే! స్టాపిట్! పెద్దవాళ్లు కూర్చునే ప్లేస్ అమ్మా ఇది! ఎన్నిసార్లు చెప్పాలి?"

తొంభై ఏడులో గార్డులు తెలుగులో అరిచేవాళ్లు కారు.

మా అరుగుని మేమెవరమూ గుర్తుపట్టలేదు. బుడిపెలు లేకపోతే అది ఏ ఊరి అరుగైనా కావచ్చు.

వెనక వరసలోంచి ఇషా లేచింది. "అది బోల్ట్స్ పెట్టే ముందు రోజు, అంకుల్. మా ఫ్రెండ్ అనన్య షూట్ చేసింది. వాళ్ల డాడ్ ఓల్డ్ క్యామ్‌కార్డర్‌తో."

అవినాష్ కుర్చీలో కూర్చున్నాడు. "ఆ చివరిదాకా వెళ్లావా?" అన్నాడు.

"వెళ్లా. వన్స్."

"నేనెప్పుడూ వెళ్లలేదు," అన్నాడు. మైకు ఆన్‌లోనే ఉందని అతను చూసుకోలేదు.

ఇలాంటి చోట మామూలు రచయిత బుడిపెలు పీకించేస్తాడు. నేను ఇక్కడి తెలుగు పత్రికకి విలేకరిని, జరిగింది రాస్తాను. బుడిపెలు ఉన్నాయి. అవినాష్ ఆ క్లిప్‌లోంచి ఒక బొమ్మ ప్రింటు తీయించి బోర్డుల పక్కన ఫ్రేము కట్టించాడు. శుక్రవారం వెళ్తే ముందు అదే చూపిస్తాడు. "మా కమ్యూనిటీ అమ్మాయి" అంటాడు. తన చెయ్యి ఉన్న భాగం పడకుండా తీయించాడు.

ఇషా వేరే అరుగు వెతుక్కుంది. జ్ఞానప్రసూన గారు కారులో తీసుకెళ్తారు. అక్కడ గార్డు ఉన్నాడట. ఆవిడ ఇంజను ఆపకుండా కూర్చుంటారట.

"గార్డు వస్తుంటే వెంటనే కదిలిస్తారా?" అని అడిగాను.

"పిల్ల బెల్టు పెట్టుకున్నాకే కదుపుతాను. సేఫ్టీ విషయంలో నేను స్ట్రిక్ట్," అన్నారు.

పోయిన ఆదివారం అవినాష్ ఇషాని పట్టుకున్నాడు. "ఎక్కడమ్మా ఆ కొత్త ప్లేస్? ఒకసారి వస్తాను. ఊరికే చూడ్డానికే. నాకు స్కేటింగ్ అంటే ఎంత ఇష్టమో తెలుసు కదా!"

"తెలుసు అంకుల్," అంది ఇషా. "అందుకే చెప్పను."

ఆ చోటు నాకు తెలుసు. తెలిసింది పాఠకులకి చెప్పడం నా పని. కానీ మీకూ ఆ రోజులంటే ఇష్టమేమోనని భయపడి ఊరి పేరు రాయడం లేదు.