నూరు క్రోసులు ఎగరవలెను

ఒక పెద్ద అడవిలో, చెట్లకన్నా కమిటీలు ఎక్కువగా మొలిచే అడవిలో, పక్షులకు ఒక ఎగురుడు బడి ఉండేది. రెక్కలు వచ్చినంత మాత్రాన ఎగిరినట్టు కాదు. ఆ బడిలో పాసై, ఆకు మీద ముద్ర వేయించుకుంటేనే ఎగిరినట్టు లెక్క.

బడికి డైరెక్టరు నెమలి. పేరు పింఛేశ్వరరావుగారు. ఆయన జన్మలో ఎగిరిన అతి పెద్ద దూరం నేల మీంచి మద్దిచెట్టు కొమ్మ దాకా. కానీ ఆ కొమ్మ మీద ఆయనంత నిండుగా ఇంకెవరూ కనబడరు, అందుకని డైరెక్టరు అయ్యారు. నేను తప్పు పట్టను. చాలా చోట్ల అలాగే ఎంచుతారు.

పాఠాలు మాత్రం కొంగ మాస్టారు చెప్పేవారు. ఆయన ఏటా దేశాలు దాటి వచ్చే మనిషి, అదే, పక్షి. చదువు చివర ప్రతి విద్యార్థీ ఒంటరిగా పడమటి చెరువు దాకా వెళ్ళి రావాలని నియమం పెట్టింది ఆయనే. వెళ్ళడానికి యాభై క్రోసులు, రావడానికి యాభై.

"గుట్ట పక్కన ఎగరడం ఎవడికైనా వస్తుందిరా," అనేవారు. "ఎన్ని గింజలు తిని బయల్దేరాలి, ఎదురుగాలి కొడితే ఎక్కడ దిగాలి, మబ్బు పడితే ఎప్పుడు వెనక్కి తిరగాలి? అడగడానికి పక్కన నేనుండను. అప్పుడు తెలుస్తుంది నువ్వు పక్షివో కాదో."

ఈ ప్రయాణంలో చిక్కేమిటంటే కొందరు ఆలస్యంగా వచ్చేవాళ్ళు. కొందరు వెళ్ళిన వైపునుంచి కాక ఇంకో వైపునుంచి ఊడిపడేవాళ్ళు. ఒక పావురమైతే ఎనిమిది రోజుల తర్వాత బాగా ఒళ్ళు చేసి వచ్చింది. ఆ ఏడు గోరింక వంతు వచ్చింది. ఎదురుగాలి వెనక్కి నెట్టేస్తే తూర్పు కొండ అవతల పడి, రెండు రోజులు ఆలస్యంగా ఇల్లు చేరింది.

"ఎలా వచ్చావే?" అని అడిగారు కొంగ మాస్టారు.

"పొద్దుటెండ వీపు మీద పడేట్టు చూసుకుని ఎగిరానండీ. మధ్యాహ్నం దిక్కు తోచలేదు, చెట్టెక్కి కూర్చున్నాను."

మాస్టారికి కళ్ళు చెమర్చాయి. "అంతే తల్లీ, తోచనప్పుడు కూర్చోవడమే చదువు," అన్నారు. బడి గుమాస్తా ఉడుము మాత్రం రికార్డులో 'దారి తప్పినది, ఫెయిలు' అని రాసి పారేశాడు.

ఆ నెలలోనే వార్షిక సభ. అధ్యక్షుడు ఏనుగుగారు చెవులు విసురుకుంటూ, "ఏమిటండీ రావుగారూ, మీ బడిలో పిల్లలు తప్పిపోతున్నారట?" అన్నారు. పింఛేశ్వరరావుగారికి తల కొట్టేసినట్టయింది. విప్పిన పింఛం టక్కున మూసేశారు.

ఆ సాయంత్రం ఉడుము ఒక పాత తాటాకు పట్టుకొచ్చాడు. వాడిది ఉడుంపట్టే కదా, రూలు దొరికితే వదలడు.

"చదవండి సార్. 'విద్యార్థి ఒంటరిగా నూరు క్రోసులు ఎగరవలెను.' అంతే. ఎగరవలెను అని ఉంది. వెళ్ళవలెను అని ఎక్కడైనా ఉందా?"

"లేదే!"

"మన గుట్ట చుట్టుకొలత సరిగ్గా ఒక క్రోసు. నూరు చుట్లు కొడితే నూరు క్రోసులు. మీరు కొమ్మ మీంచే చూసుకోవచ్చు. ఎవడూ తప్పిపోడు."

పింఛేశ్వరరావుగారు ఉడుమును కౌగలించుకోబోయి, పొలుసులు చూసి ఆగిపోయారు.

కొంగ మాస్టారు ఒంటికాలి మీద నిలబడి ఎంత చెప్పారో! "అయ్యా, తిరగడం వేరు, వెళ్ళడం వేరు. గానుగెద్దు కూడా రోజూ క్రోసులు నడుస్తుంది, ఏ ఊరు చూసింది?"

"మాస్టారూ, దూరం దూరమే," అన్నారు డైరెక్టరుగారు. మర్నాడు ఒక పూలదండ వేసి ఆయన్ని రిటైరు చేశారు. ఆయన దండను కొమ్మకు తగిలించి, ఉత్తరానికి ఎగిరిపోయారు.

తర్వాత బడికి మహర్దశ పట్టింది. నూటికి నూరు మంది పాసు. అందరూ గుట్టకు ఎడమవైపే తిరగాలి, ఎందుకంటే డైరెక్టరుగారి కొమ్మ ఎడమవైపే ఉంది. చిలక అందరికన్నా ముందు నూరు చుట్లూ పూర్తిచేసి మొదటి ర్యాంకు కొట్టింది. రూల్సన్నీ దానికి కంఠతా. నడిచేటప్పుడు కూడా ఎడమవైపు కొంచెం ఒరిగేది, దాన్ని అందరూ ర్యాంకువాళ్ళ ఠీవి అనుకునేవారు.

రెండేళ్ళకు వానలు మొహం చాటేశాయి. గుట్ట పక్క కుంట అడుగంటి, చివరికి బురద కూడా పగిలింది.

అందరికన్నా బాతమ్మకు బెంగ. ఆవిడకు ఏడుగురు పిల్లలు, ఒక్కరికీ రెక్కలు రాలేదు. నడిపించుకునే పోవాలి. ఒకసారి నడిచే సత్తువే ఉంది వాళ్ళకు. నీళ్ళు లేని వైపు నడిపిస్తే తిరిగి వచ్చే ఓపిక ఉండదు.

"పడమటి చెరువులో నీళ్ళున్నాయో లేదో ఒక్క మాట కనుక్కుని చెప్పండయ్యా," అని సభలో చేతులు జోడించినంత పని చేసింది.

"అందుకే కదమ్మా ముద్రవాళ్ళున్నది!" అని డైరెక్టరుగారు చిలక నాయకత్వంలో పది మందిని పంపారు.

పది మందీ తిన్నగానే బయల్దేరారు. చెట్ల చివరలు దాటగానే ఎడమ రెక్కలు వాటంతట అవే వాలాయి. ఎవరికీ తెలియలేదు, రోజూ వాలేవే కదా. శ్రద్ధగా నూరు క్రోసులు లెక్కపెట్టుకుంటూ ఎగిరి, సాయంత్రానికి ఒక్క నిమిషం తేడా లేకుండా సభలో వాలారు.

"అచ్చు మన అడవిలాగే ఉంది సార్," అంది చిలక. "ఒక గుట్ట, పక్కనే ఎండిన కుంట."

"అక్కడి ప్రజలు?"

"అందరూ మనలాంటివాళ్ళే. మద్దికొమ్మ మీద ఒక నెమలిగారు కూడా ఉన్నారు. మహా అందగాడు సార్. మమ్మల్ని చూసి రెక్క ఊపారు."

పింఛేశ్వరరావుగారు మురిసిపోయారు. "నేనూ ఇందాక ఎవరో పక్షులు పోతుంటే రెక్క ఊపాను. మర్యాదస్తులు ఎక్కడైనా ఒకేలా ఉంటారయ్యా!"

ఏనుగుగారు గొంతు సవరించుకుని తీర్మానం చదివారు: ప్రపంచమంతా ఎండిపోయింది కనక ఎవరూ ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు.

బాతమ్మ కూలబడిపోయింది. ఏడుగురు పిల్లలూ అమ్మ రెక్క కింద ఇరుక్కున్నారు.

వెనక వరసలోంచి గోరింక లేచింది. "తూర్పు కొండ అవతల రాళ్ళ మధ్య ఒక మడుగుందండీ. నేను దారి తప్పినప్పుడు చూశాను."

"ముద్ర లేనివాళ్ళ మాట మినిట్స్‌లో ఎక్కదు," అన్నాడు ఉడుము.

"పైగా తప్పిపోయి చూసిన మడుగు," అంది చిలక. "అది చూసినట్టు కాదు."

సభ ముగిశాక బాతమ్మ గోరింక దగ్గరికి వచ్చింది. "ఇప్పుడూ నీళ్ళుంటాయా అమ్మా?"

"తెలీదు పిన్నీ. చూసి వస్తా." కడుపునిండా గింజలు తిని, గాలి ఎటుందో చూసుకుని, తెల్లారగానే బయల్దేరింది.

ఆ రోజు రాలేదు. మర్నాడూ పొద్దెక్కేదాకా రాలేదు. "మళ్ళీ తప్పిపోయింది," అని ఉడుము కలం ముంచుకున్నాడు. బాతమ్మ మాత్రం తూర్పుకేసి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నానికి వచ్చి వాలింది గోరింక. ముక్కున పచ్చటి నాచు పోగు. బాతమ్మ వాసన చూసింది. చూసి ఏడ్చేసింది.

పిల్లలతో రెండు రోజుల నడక. గోరింక ముందు ఎగిరి నీడ ఎక్కడుందో చూసి వచ్చేది, వాళ్ళు అక్కడిదాకా నడిచేవారు. ఏడుగురూ మడుగు చేరారు, ఏడుగురూ ఒకేసారి దూకారు. వాళ్ళ వెనక కుందేళ్ళు, లేళ్ళు, వాళ్ళ వెనక ఏమీ ఎరగనట్టు ఏనుగుగారు, ఆఖర్న పింఛం దుమ్ములో ఈడ్చుకుంటూ డైరెక్టరుగారు, ఉడుము.

పింఛేశ్వరరావుగారు కడుపారా తాగి, మూతి తుడుచుకుని, గోరింకను పిలిచారు. "బాగా చేశావమ్మాయ్. నీకు ముద్ర ఇప్పిస్తాను. చిన్న ఫార్మాలిటీ. ఈ మడుగు చుట్టూ నూరు చుట్లు తిరిగేయ్."

"పొద్దుపోతుంది సార్," అంది గోరింక. "ఇంతమంది తాగితే ఈ నీళ్ళు ఎన్నాళ్ళో రావు. ఆ తర్వాతివి ఎక్కడున్నాయో చూసి రావాలి." ఎగిరిపోయింది.

"రాసుకో," అన్నారు డైరెక్టరుగారు. "అనుమతి లేకుండా వెళ్ళింది."

ఉడుము ఫారం తిరగేసి, బోర్లేసి, తల గోక్కున్నాడు. "ఎటు వెళ్ళిందని రాయమంటారు సార్?"

"తిన్నగా."

"తిన్నగా అని మన ఫారంలో లేదండీ. ఎడమ ఒక్కటే ఉంది."

నీతి: జన్మలో దారి తప్పకూడదనుకుంటే ఎక్కడికీ వెళ్ళకండి, ర్యాంకు మీ ఇంటికే వస్తుంది.