కట్‌కీ పేస్ట్‌కీ మధ్య పైడిరాజు

మంగళవారం ఉదయం పదకొండూ పదికి, గ్రామీణ కొలతల శాఖ సాలూరు కార్యాలయంలో సీనియర్ అసిస్టెంట్ మజ్జి పైడిరాజు కంట్రోల్ ఎక్స్ నొక్కి తనను తానే కట్ చేసుకున్నాడు. కుర్చీ ఖాళీ అయింది. బల్ల కింద విప్పి పెట్టుకున్న చెప్పులు మాత్రం అక్కడే ఉన్నాయి. పట్టికలో చెప్పులకు గడి లేదు.

ఇందులో పైడిరాజు పొరపాటేమీ లేదు. అంతకు నెల రోజుల ముందు శాఖలో మౌసు వాడకాన్ని నిలిపివేశారు. చేతిని కీబోర్డు మీది నుంచి మౌసు మీదికి, మళ్ళీ మౌసు మీది నుంచి కీబోర్డు మీదికి తీసుకువెళ్ళడంలో ప్రతిసారీ రెండు సెకన్లు వృథా అవుతున్నాయని పైఅధికారులు లెక్క తేల్చారు. మౌసులన్నిటినీ గోనెసంచిలో వేసి జిల్లా కేంద్రానికి పంపించారు. సిబ్బందికి మూడు రోజులు షార్ట్‌కట్‌ల శిక్షణ ఇచ్చి, తలా ఒక పుస్తకం పంచారు. యాభై నాలుగేళ్ళ పైడిరాజు గొలుసు పట్టుకుని చెరువు గట్లు కొలిచే పనితో ఉద్యోగంలో చేరి, మెల్లగా పైకి వచ్చినవాడు. వేళ్ళు లావు, చూపు మందం. అయినా కష్టపడి నేర్చుకున్నాడు. కంట్రోల్ సి అంటే కాపీ, కంట్రోల్ ఎక్స్ అంటే కట్, కంట్రోల్ వి అంటే పేస్ట్ అని ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకుని, బస్సులో కూడా చదువుకునేవాడు.

ఆ మంగళవారం అతనికి సీతంపేట బదిలీ వచ్చింది. సిబ్బంది పట్టికను రోజూ సరిచేసే పని అతనిదే కాబట్టి తన బదిలీని తనే నమోదు చేయాలి. సాలూరు జాబితాలో నాలుగో వరుసలో ఉన్న తన పేరును ఎంచుకుని కట్ చేశాడు. సీతంపేట జాబితాలో పేస్ట్ చేయడానికి అతని చేయి అక్కడ లేదు. పక్క బల్ల దగ్గర పనిచేసే జూనియర్ అసిస్టెంట్ దమయంతి ఇది చూసి, లేచి వచ్చి, మిగతా సగం పని తాను చేద్దామని కంట్రోల్ మీట మీద వేలు పెట్టింది.

"ఆగమ్మా," అన్నాడు సూపరింటెండెంటు విశ్వనాథం తన గదిలోంచి బయటికి వస్తూ. అప్పుడే వచ్చిన ఉత్తర్వు అతని చేతిలో ఉంది. సీతంపేటలోని సీనియర్ అసిస్టెంట్ పోస్టును ఆ ఉదయమే రద్దు చేశారు.

"మరి ఇక్కడే తిరిగి పేస్ట్ చేసేద్దాం సార్."

"ఇక్కడ రిలీవ్ అయిపోయాడు కదమ్మా. నాలుగో వరుసలోకి నువ్వొచ్చేశావు, చూసుకో."

దమయంతి చూసుకుంది. పైడిరాజు పేరు తీసేయగానే కిందనున్న ఆమె పేరు పైకి జరిగింది.

"పోనీ కంట్రోల్ జెడ్ నొక్కేస్తాను. చేసింది లేనట్టయిపోద్ది."

"బదిలీ చేసింది జిల్లా ఆఫీసు. వాళ్ళు చేసినదాన్ని లేనట్టు చేయడానికి మనమెవరం? రాద్దాం. జవాబు రానీ, చూద్దాం."

శిక్షణ పుస్తకం ఏడో పేజీలో ఈ విషయం స్పష్టంగా ఉంది. కట్ చేసినది కంప్యూటరు మెమరీలో భద్రంగా ఉంటుంది. అయితే మరొకటి కట్ చేసినా, కాపీ చేసినా, కంప్యూటరు ఆగిపోయినా అది పోతుంది. అందుచేత పైడిరాజు కంప్యూటరును ఎవరూ తాకరాదని విశ్వనాథం సర్క్యులర్ జారీ చేశాడు. ఆ సర్క్యులర్‌ను చేత్తో రాశాడు. దాన్ని కీబోర్డుకు అడ్డంగా అతికించి, కాపలా బాధ్యత దమయంతికి అప్పగించారు.

బుధవారం పొద్దున్నే పైడిరాజు భార్య బంగారమ్మ క్యారేజీతో వచ్చింది. రాత్రి ఇంటికి రాని మనిషి క్యాంపుకు వెళ్ళాడనుకుందట. దమయంతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, జరిగినది జరిగినట్టు చెప్పింది.

"అయితే మా ఆయన ఇప్పుడెక్కడున్నట్టమ్మా?"

"మెమరీలో ఉన్నారు."

"మెమరీ అంటే ఏటి?"

"జ్ఞాపకం."

"జ్ఞాపకంలో ఉండేది సచ్చిపోయినోలు కదమ్మా," అంది బంగారమ్మ.

"అది మనుషుల జ్ఞాపకమండీ. ఇది కంప్యూటరుది. ఇందులో ఉన్నవాళ్ళు ఉన్నట్టే."

"ఆకలేస్తాదా?"

పుస్తకంలో దాని గురించి లేదు. దమయంతి నిజమే చెప్పింది: "తెలీదండి."

బంగారమ్మ క్యారేజీ విప్పి కంప్యూటరు ముందు పెట్టింది. గంట సేపు చూసి, మూత పెట్టేసింది. ఆ తర్వాత రోజూ అదే వేళకు వచ్చి, తెర ఎదురుగా కూర్చుని మాట్లాడడం మొదలుపెట్టింది. ఊళ్ళో ఎవరి ఇంట్లో పెళ్ళి కుదిరిందో, ఏ వీధిలో నీళ్ళు రావడం లేదో చెప్పింది. కుడి మోకాలు రెండేళ్ళుగా నొప్పెడుతోందనీ, మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటున్నాననీ, ఆ సంగతి చెబుదామనుకున్నప్పుడల్లా ఆయన పేపరు చదువుకుంటూనో, కునుకుతూనో ఉండేవాడనీ చెప్పింది. తెర మీద పట్టిక కదలకుండా ఉంది. దమయంతి తన పని చేసుకుంటున్నట్టు తల వంచుకుని, అన్నీ విన్నది.

జిల్లా కార్యాలయం నుంచి గురువారం జవాబు వచ్చింది. మజ్జి పైడిరాజు అనే ఉద్యోగి సాలూరులో లేడని, సీతంపేటలో చేరలేదని, కనుక ఏ కార్యాలయానికీ చెందని వ్యక్తి విషయమై ఉత్తరప్రత్యుత్తరాలు జరపడం వీలుపడదని అందులో ఉంది. విశ్వనాథం దాన్ని రెండుసార్లు చదివాడు. అతను చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్ళుగా ఏ కాగితం మీదనైనా పైవాళ్ళు రాసినదాని కింద రాయడమే తప్ప, ఖాళీ కాగితం మీద ముందుగా రాసే అలవాటు అతనికి లేదు. మళ్ళీ రాద్దాం అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి కరెంటు పోయింది. పంకాలు ఆగాయి. పైడిరాజు కంప్యూటరుకున్న యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని బ్యాటరీ పాతది. పావుగంట వస్తుందని కాగితం మీద ఉంది కానీ, ఆరేడు నిమిషాలకు మించి రాదని దమయంతికి తెలుసు. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేస్తే, లైను మీద చెట్టు పడింది, గంట పడుతుందన్నారు.

విశ్వనాథం జిల్లాకు ఫోన్ చేశాడు. అవతల ఎవరో ఉండమని చెప్పి, ఫోన్ పక్కన పెట్టి వెళ్ళారు. అతను రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడ్డాడు.

"సార్, టైము లేదు," అంది దమయంతి.

"లైనులోనే ఉన్నానమ్మా."

యూపీఎస్ అరుపులు దగ్గర దగ్గరయ్యాయి. బంగారమ్మ కుర్చీలోంచి లేచింది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. దమయంతి భుజం మీద చేయి వేసింది.

"సీటు లేకపోతే పోనీ తల్లీ. నిలబడ్డానికి చోటుంటే సాలు. ఎక్కడో ఓకాడ ఎట్టీ."

దమయంతి కీబోర్డు మీది సర్క్యులర్ చించేసింది. పట్టికంతా వెతికింది. పేర్ల గడులన్నీ నిండి ఉన్నాయి. హోదాల గడులన్నిటికీ తాళం వేసి ఉంది. కుడివైపు చివర, ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయని రిమార్కుల గడి ఒక్కటే ఖాళీగా ఉంది. మౌసు లేదు కాబట్టి బాణం మీట పదకొండుసార్లు నొక్కుతూ అక్కడికి చేరుకుంది. కంట్రోల్ వి నొక్కింది. ఆ తర్వాత సేవ్ చేసింది. తెర ఆరిపోయింది.

పైడిరాజు కుర్చీలో ఉన్నాడు. గడి ఇరుకుది కావడం వల్ల కాస్త సన్నబడ్డాడు, భుజాలు ముందుకు వచ్చాయి. మిగతా అంతా అతనే.

"అమ్మా, కరెంటు పోయింది," అన్నాడు దమయంతితో.

విశ్వనాథం ఫోన్ పెట్టేసి పరుగున వచ్చాడు. నాలుగు రోజులుగా అతని మనసులో నలుగుతున్న ప్రశ్న ఒకటి ఉంది. "పైడిరాజూ, చెరువుల కొలతల ఫైలు ఎక్కడ పెట్టావయ్యా?"

"మూడో బీరువా కింద అరలో, ఎర్రతాడు కట్టినది. దాని పక్కన పాత నక్షాల కట్ట ఉంటాది, దాన్ని కదపొద్దు, చెదలు పట్టినాయి. ఇంకా దాని కింద..." అని పైడిరాజు ఆగిపోయాడు. నోరు కదులుతోంది కానీ మాట రావడం లేదు. అప్పుడతను భార్య వైపు తిరిగాడు. ఆమెతో కూడా ఏమీ అనలేకపోయాడు.

కారణం కనుక్కోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు. రిమార్కుల గడిలో అరవై అక్షరాలకు మించి పట్టవు. పట్టిక రోజువారీది కాబట్టి, ప్రతి ఉదయం, ఆదివారమైనా సరే, ముందురోజు మాటలు చెరిగిపోయి, మళ్ళీ అరవై అక్షరాలకు చోటు వస్తుంది. ఆ రోజుకు పైడిరాజు వాటా అయిపోయింది. ఎనిమిది దమయంతికి పోయాయి, యాభై రెండు ఫైలుకు పోయాయి. బంగారమ్మ, పైడిరాజు ఆటోలో మౌనంగా ఇంటికి వెళ్ళారు. దారంతా అతను ఆమె చేయి పట్టుకునే ఉన్నాడు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో బయట అలా పట్టుకోవడం అదే మొదటిసారని ఆమె తర్వాత దమయంతికి చెప్పింది.

శనివారం పైడిరాజు కార్యాలయానికి వచ్చి, సాయంత్రం దాకా పనిచేశాడు, ఒక్క అక్షరం కూడా ఖర్చు పెట్టలేదు. ఎవరేమడిగినా తలూపాడు, లేదా వేలితో చూపించాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి, చెప్పులు విప్పి, వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆ నాలుగు రోజులూ నీ మాటలన్నీ ఇనబడ్డాయి. నీ మోకాలి నొప్పి సంగతి నాకిన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు? సోమవారం సెలవు పెడతాను, ఆస్పత్రికి ఎల్దాం. ఇంకా నీతో చెప్పా..."

అక్కడితో అయిపోయాయి.

"చెప్పాల్సింది శానా ఉంది, అంతేనా?" అంది బంగారమ్మ. అతను తలూపాడు. "రేపు చెబుదురు గాని. రండి, అన్నం తినండి."

సోమవారం అతను సెలవు చీటీ పెట్టాడు. రిమార్కుకు సెలవు వర్తించదని విశ్వనాథం దాన్ని తిప్పి పంపాడు. అయితే రిమార్కు హాజరు కాకపోతే గైర్హాజరు వేసే గడి కూడా లేదు కాబట్టి, పైడిరాజు నేరుగా ఆస్పత్రికి వెళ్ళిపోయాడు. డాక్టరు మోకాలికి పట్టీ ఇచ్చి, వంగి పనులు చేయవద్దన్నాడు. ఇప్పుడు ఇల్లు ఊడ్చేది పైడిరాజే.

పోస్టు లేదు కనుక పదోన్నతి లేదు, పదవీ విరమణ కూడా ఉంటుందో ఉండదో ఎవరికీ తెలియదు. జీతం విషయం పరిశీలనలో ఉంది. పైడిరాజు ఎప్పటిలా తొమ్మిదింటి బస్సుకు వస్తున్నాడు, ఎప్పటిలా ఫైళ్ళు చూస్తున్నాడు. మాట లేకపోవడంతో పని రెట్టింపు వేగంగా సాగుతోందని గమనించిన జిల్లా కార్యాలయం, ఇతర కార్యాలయాల్లోనూ ఖాళీగా ఉన్న రిమార్కుల గడుల వివరాలు పంపమని కోరింది. జిల్లాలో ఆ గడుల్లో ఇప్పటికే నూట నలభై మంది ఉన్నట్టు అప్పుడు బయటపడింది. వారిలో కొందరు పదేళ్ళ నుంచి పనిచేస్తున్నారు. ఎవరూ అడగనందువల్ల వారూ చెప్పలేదు.

దమయంతికి మాత్రం మనసులో ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. ఒకరోజు సంతలో బంగారమ్మ కనిపిస్తే దగ్గరికి వెళ్ళింది.

"నన్ను క్షమించండి పెద్దమ్మా. కంగారులో ఆ గడి ఒక్కటే కనబడింది. రోజుకి అరవై అక్షరాలంటే మనిషికి మరీ అన్యాయం."

బంగారమ్మ బీరకాయలు ఏరడం ఆపి, ఆమె మొహంలోకి చూసింది.

"ఊరుకో తల్లీ. ఇదివరకు ఆఫీసు నుంచి వచ్చీక 'ఊ' అన్నా, 'ఆ' అన్నా గొప్పే. ఇప్పుడు రోజూ అరవై. అన్నీ నాకే."

ఈ మాట బీరకాయల దగ్గర మరో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు విన్నారు. తర్వాతి వారం కార్యాలయానికి దరఖాస్తులు రావడం మొదలైంది. మా వారిని రిమార్కుల గడికి మార్చవలసిందిగా ప్రార్థన అని వాటి సారాంశం. విశ్వనాథం ఒక్కొక్క దానికీ నంబరు వేసి, తేదీ ముద్ర కొట్టి, కట్ట కట్టుకుంటూ వచ్చాడు. పదిహేడో దరఖాస్తు దగ్గర అతని చేయి ఆగింది. ఆ దస్తూరీ అతనికి తెలుసు. ఇంట్లో పచారీ సామాన్ల చీటీలు ఆ దస్తూరీలోనే ఉంటాయి.

"మా వారు ఇంట్లో నాతో మాట్లాడి పదకొండేళ్ళు అయినది. గొడవలేమియు లేవు. అలసట వల్ల అని అనుకుంటున్నాను. రోజుకు అరవై అక్షరాలు లేకపోయినా, నలభై ఐనా సరిపోవును," అని ఉంది.

విశ్వనాథం దాన్ని మొదటి నుంచి చివరి దాకా మరోసారి చదివాడు. వివరాలన్నీ సరిగానే ఉన్నాయి. నింపకుండా వదిలేసిన చోటు ఒక్కటీ లేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మార్జిన్‌లో 'ఆమోదించవచ్చును' అని రాసి, కింద పొట్టి సంతకం చేసి, దమయంతి బల్ల మీదికి పంపించాడు.