బావమరిది కుక్క వేషం

ఆ రోజు స్టూడియో తెరవకూడదని ఫొటోగ్రాఫరు పొద్దున్నే నిశ్చయించుకున్నాడు. సాయంత్రం ఐదింటికల్లా తన కుక్క తుఫానుకు బుద్ధి రావాలి. మరో కుక్క తోక కనిపిస్తే చాలు, అది ఆయన్ను ఈడ్చుకుంటూ పరుగెత్తేది. ముందురోజు అపార్టుమెంటు సెక్రటరీ తేల్చి చెప్పేశాడు. "రేపు ఐదింటికి మా కుక్కని తీసుకుని కిందికొస్తాను. మీది ఎగబడిందో, ఎల్లుండికల్లా ఎవరికైనా ఇచ్చెయ్యాలి." అప్పట్నుంచి ఫొటోగ్రాఫరుకు ముద్ద దిగలేదు.

కుక్కల శిక్షకుడు ఫోన్లో చెప్పింది తేలికగానే ఉంది. దూరంగా ఇంకో కుక్కను నిలబెట్టాలి. తుఫాను దాన్ని చూసి అరవకముందే నోటికి రొట్టెముక్క అందించాలి. తర్వాత ఒక్కో అడుగు దగ్గరికి జరగాలి. చిక్కల్లా ఏమిటంటే, తుఫాను సంగతి తెలిసీ తన కుక్కను అరువిచ్చే మహానుభావుడు ఆ వీధిలో లేడు.

"మా తమ్ముడు ఖాళీగానే ఉన్నాడుగా," అంది భార్య.

"నాకు కావాల్సింది కుక్క, మనిషి కాదు."

"స్టూడియోలో పసిపిల్లల్ని పడుకోబెట్టే బొచ్చు దుప్పటి ఉందిగా. అది కప్పితే సరి."

బావమరిది వెంటనే ఒప్పుకున్నాడు. "ఏ రకం బావా? కాపలా కుక్కా, ముద్దుల కుక్కా?" అని అడిగి మరీ దుప్పటి కింద దూరాడు.

పార్కింగ్‌లో పాకుతున్నదెవరో తుఫాను వాసనతోనే పోల్చుకుంది. అయినా బొచ్చు కదిలినప్పుడల్లా రొట్టె రావడం దానికి నచ్చింది. అరగంటకల్లా, బొచ్చు కదిలితే కూర్చుని యజమాని ముఖంలోకి చూడటం నేర్చేసుకుంది. బావమరిదికి ఉత్సాహం ఆగలేదు. రెండుసార్లు మొరిగాడు. కారు టైరు దగ్గర కాలు కూడా ఎత్తాడు.

మూడో అంతస్తు బాల్కనీలో ఉన్న సెక్రటరీకి స్తంభాల మధ్య ఆ బొచ్చు వీపొక్కటే కనిపించింది. వెంటనే అందరి ఫోన్లకూ కబురు పెట్టాడు: "పార్కింగ్‌లో ఎలుగుబంటి. తలుపులు వేసుకోండి." ఒక్కరూ తలుపులు వేసుకోలేదు. బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఇంతమంది చూస్తుండగా సెక్రటరీకి ధైర్యం చూపించక తప్పలేదు. ఒక చేత్తో కర్ర, మరో చేత్తో తన కుక్క గొలుసు పట్టుకుని కిందికి దిగాడు.

బొచ్చును చూడగానే ఆ కుక్క ఒక్క గెంతు గెంతింది. సెక్రటరీ బోర్లా పడ్డాడు. కుక్క దుప్పటి కొస పట్టుకుని లాగింది.

"బావోయ్, చంపేస్తోంది!" అంటూ ఎలుగుబంటి రెండు కాళ్ల మీద పరుగు తీసింది. దుప్పటి జారి సెక్రటరీ మీద పడింది. కుక్క దాన్ని వదల్లేదు.

"ఒరేయ్, నేనురా!" అని దుప్పటి లోంచి కేక.

తుఫాను ఇక దక్కదనుకుని ఫొటోగ్రాఫరు కళ్లు మూసుకున్నాడు. చేతిలోని గొలుసు మాత్రం వదులుగానే ఉంది. కళ్లు తెరిస్తే, తుఫాను బుద్ధిగా కూర్చుని, ఇంత బొచ్చు ఇంతలా కదులుతుంటే రొట్టె ఏదీ అన్నట్టు తననే చూస్తోంది. ఆయన కళ్లు చెమర్చాయి. ఉన్న రొట్టంతా దానికే పెట్టేశాడు.

సెక్రటరీ లేచి దుమ్ము దులుపుకున్నాడు. పైనుంచి ఫొటోగ్రాఫరు భార్య అడిగింది. "సెక్రటరీ గారూ, రేపటికల్లా మీ కుక్కని ఎవరికిస్తున్నారు?"

బాల్కనీలన్నీ జవాబు కోసం ఎదురుచూశాయి. "అంటే... మూగజీవాల మీద మరీ అంత కఠినంగా ఉండకూడదండీ," అన్నాడు సెక్రటరీ.

సాయంత్రం ఐదింటికి నోటీసు బోర్డు మీద కొత్త నియమం వెలసింది: పార్కింగ్‌లోకి బొచ్చు దుప్పట్లు తేరాదు.